వాహనము మోసుకొనిపోవు గాలి

ఆమదాలవలసలోని రైల్వే స్టేషను పేరు 'శ్రీకాకుళం రోడ్డు'. హౌరా - చెన్నై ప్రధాన మార్గముపై వచ్చు రైలు అక్కడ ఆగినప్పుడు పెట్టెల క్రిందినుండి 'బుస్' మను శబ్దము వినవచ్చును. ఆవిరి ఇంజనులు పోయి చాల కాలమైనది. ఆ శబ్దము ఆవిరిది కాదు, బ్రేకులనుండి వెలువడు గాలిది. ఇంజనులోని కంప్రెసరు బయటి గాలిని అదిమి, చదరపు సెంటీమీటరుకు 8 నుండి 10 కిలోగ్రాముల పీడనముతో ఉక్కు తొట్లలో నిలువచేయును. ఆ గాలియే బ్రేకులను నడపును.

స్టేషను బయట నిలిచిన జీపులో కూడ ఇట్టి ఏర్పాటునే చిన్న కొలతలో అమర్చుకొనవచ్చును. నాలుగు చక్రములకును ఇంజను బలము అందు వాహనములలో దూరప్రయాణము చేయువారు పలువురు అట్లు అమర్చుకొనుచున్నారు. దాని అవసరమేమి, అది పనిచేయు విధమెట్టిది, అందలి ప్రమాదమెక్కడనున్నది అను విషయములు హైస్కూలు భౌతికశాస్త్రముతోనే బోధపడును.

ఇసుకలో ఒక లెక్క, తారురోడ్డుపై ఒక లెక్క

ఆమదాలవలసనుండి తూర్పునకు పోయిన కళింగపట్నము వద్ద సముద్రతీరపు ఇసుక. ఉత్తరమునకు పోయిన సీతంపేట కొండలలో రాతిబాటలు. తారురోడ్డుపై చక్కగా నడచిన జీపు ఈ రెండు చోట్లను తడబడును. ఇసుకలో చక్రము కూరుకొనిపోవును. రాళ్ళపై ఎగిరెగిరి పడును.

జీపు బరువు సామానుతో కలిపి 1600 కిలోగ్రాములనుకొందము. ఒక్కొక్క చక్రముపై 400 కిలోగ్రాములు పడును. టైరులో 32 పౌనుల గాలియున్నచో దాని పీడనము చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోగ్రాములు. ఆ 400 కిలోగ్రాములను మోయుటకు టైరు సుమారు 178 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకవలెను. గాలిని 18 పౌనులకు తగ్గించినచో తాకు మేర సుమారు 315 చదరపు సెంటీమీటర్లగును. టైరు గోడలు కూడ కొంత బరువు మోయును గనుక ఇది స్థూలమైన లెక్కయే. అయినను సంగతి స్పష్టము. బరువు ఎక్కువ వైశాల్యముపై పరచుకొన్నందున ఇసుకలో దిగబాటు తగ్గును. బురదలో పలకపై నిలిచిన మనిషి దిగబడకుండుట కూడ ఇందువలననే.

గాలి తీయుట తేలిక. తిరిగి తారురోడ్డు ఎక్కినప్పుడే చిక్కు. గాలి తక్కువగానున్న టైరు ప్రతి చుట్టునకును ఎక్కువగా నలగి విప్పారుచుండును. ఆ నలుగుడు వేడిగా మారును. వేగముగా పోవుకొలది వేడి పెరిగి, తుదకు టైరు పగులవచ్చును. ఇసుక బాట ముగిసిన చోట గాలికొట్టు దుకాణము ఉండదు. కాబట్టి వాహనము తన గాలిని తానే మోసుకొనిపోవలసియున్నది.

ఎంత గాలి కావలెను?

ఇక్కడనే చాలమంది పొరబడుదురు. జీపు వెనుక ఒక గాలితొట్టి యున్న చాలునని వారి తలంపు. లెక్క చూచిన ఆ భ్రమ తొలగును.

ఒక టైరులో 60 లీటర్ల చోటున్నదనుకొందము. గాలిని 18 నుండి 32 పౌనులకు పెంచవలెను. అనగా 14 పౌనులు. వాతావరణ పీడనము చదరపు అంగుళమునకు 14.7 పౌనులు. ఉష్ణోగ్రత మారనిచో వాయువు పీడనమును ఘనపరిమాణమును విలోమముగా మారునని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రము ప్రకారము, ఒక టైరునకు సుమారు 57 లీటర్ల బయటి గాలి కావలెను. నాలుగింటికి సుమారు 228 లీటర్లు.

ఇక తొట్టి 10 లీటర్లది; అందు చదరపు సెంటీమీటరుకు 8 కిలోగ్రాముల పీడనమున్నది. తొట్టిలోని పీడనము టైరు పీడనమైన 2.25 వరకు దిగినచో ఆపై గాలి పారదు. అంతలో తొట్టి ఇచ్చునది సుమారు 56 లీటర్లు మాత్రమే. అది ఒక్క టైరునకైనను బొటాబొటిగా సరిపోవును. నిజముగా పనిచేయునది కంప్రెసరే. అది నిమిషమునకు 40 లీటర్లు ఇచ్చునదైనచో నాలుగు టైర్లకు 6 నిమిషములు పట్టును. హారను, ఇరుసులను బిగించు గాలితాళములు మొదలగు క్షణములో గాలి కోరు పనులకు మాత్రమే తొట్టి మేలు.

అమరిక

గాలి నడచు దారి ఇట్లుండును. మొదట దుమ్మును ఆపు జల్లెడ. దీనిని వాగు నీరు, బాట దుమ్ము అందని ఎత్తులో ఉంచవలెను. తరువాత కంప్రెసరు, దానినుండి వేడికి ఓర్చు గొట్టము, ఆ గొట్టము చివర ఒకవైపే తెరచుకొను కవాటము, అటుపై తొట్టి. తొట్టికి పీడనమాపకము, పీడనపు స్విచ్చి, రక్షక కవాటము, అడుగున నీరు వదలు కుళాయి ఉండవలెను. చివరకు టైరునకు పోవు గొట్టము.

పీడనపు స్విచ్చి కంప్రెసరును తనంత తానే నడపి ఆపును. ఉదాహరణకు తొట్టిలో పీడనము 6 కిలోగ్రాములకు దిగినప్పుడు కంప్రెసరు మొదలై, 8కి చేరినప్పుడు ఆగును. ప్లాట్‌ఫారముపై నిలిచిన రైలింజనులో కంప్రెసరు ఉన్నట్లుండి మొదలై, కొంత సేపటికి ఆగిపోవుటకు కూడ కారణమిదే.

విద్యుత్తు సంగతి మరువరాదు. 12 వోల్టుల బ్యాటరీనుండి 30 ఆంపియర్లు తీసుకొను కంప్రెసరుకు 360 వాట్లు కావలెను. సన్నని తీగ అంత ప్రవాహమునకు కాలిపోవును. కాబట్టి లావు తీగ వేసి, ఫ్యూజును బ్యాటరీకి చేరువనే పెట్టవలెను. ఫ్యూజు దూరముగా నున్నచో దానికి ముందున్న తీగకు రక్షణ యుండదు. పంపు నడచునంతసేపు ఇంజనును నడుపుచుండుట మంచిది.

వేడి, తడి

సైకిలు పంపుతో గాలి కొట్టిన విద్యార్థికి పంపు అడుగు భాగము వేడెక్కుట తెలియును. రాపిడి కొంత కారణము. అసలు కారణము గాలిని అదుముటకు చేసిన పని ఉష్ణముగా మారుట. 30 డిగ్రీల గాలిని, వేడి బయటకు పోనీయక, ఒక్కసారిగా 8 కిలోగ్రాముల పీడనమునకు అదిమినచో సిద్ధాంతరీత్యా అది సుమారు 290 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరును. వాస్తవములో సిలిండరు గోడలు కొంత వేడిని లాగుకొనును. అందుచేతనే సిలిండరుపై రెక్కలు తీర్చి గాలికి చల్లబడునట్లు చేయుదురు. చిన్న కంప్రెసరులు ఎడతెగక నడువజాలవు. కొంతసేపు నడచి, కొంతసేపు విశ్రాంతి తీసికొనవలెను.

రెండవది తడి. శ్రీకాకుళము వంటి తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. 30 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి ఎంత పీడనములో నున్నను సుమారు 30 గ్రాములకు మించి నీటి ఆవిరిని పట్టియుంచజాలదు. సాపేక్ష తేమ నూటికి 80 ఉన్న దినమున బయటి గాలిలో ఘనమీటరుకు 24 గ్రాములుండును. 87 లీటర్ల అట్టి గాలిని 10 లీటర్ల తొట్టిలో అదిమినచో దానితో వచ్చు ఆవిరి 2 గ్రాములకు పైన. చల్లారిన పిమ్మట తొట్టి పట్టగలది 0.3 గ్రాము. మిగిలినది నీరై అడుగున చేరును. ప్రతిసారి ఇంతే చేరినను నెలలు గడచునప్పటికి తొట్టి అడుగు లోపలనుండి తుప్పుపట్టును. పైన రంగు నిగనిగలాడుచునే యుండును. లోపల రేకు పలుచబడుచుండును.

పగిలిన ఏమగును?

ఈ ప్రశ్న వేయుట రైలు బ్రేకు చరిత్రయే నేర్పినది. జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో అమెరికాలో గాలిబ్రేకుకు పేటెంటు పొందెను. అందులో గాలి గొట్టములోనికి పోయినప్పుడు బ్రేకు పడెడిది. గొట్టము తెగినచో బ్రేకే లేదు. 1872లో ఆయన పద్ధతిని తలక్రిందులు చేసెను. గొట్టము ఎప్పుడును గాలితో నిండియుండును. పీడనము తగ్గినప్పుడే బ్రేకు పడును. బండి నడుమ తెగిపోయినను రెండు ముక్కలును తమంతట తామే ఆగును. నేడు శ్రీకాకుళం రోడ్డులో ఆగు రైలు బ్రేకుగొట్టములో చదరపు సెంటీమీటరుకు 5 కిలోగ్రాముల పీడనముండుట ఈ ఆలోచన ఫలమే.

జీపులోని ప్రతి భాగమునకును ఈ ప్రశ్నయే వేయవలెను. తీగ తెగి తగిలిన ఫ్యూజు కాపాడును. పీడనపు స్విచ్చి మొరాయించి కంప్రెసరు ఆగనిచో రక్షక కవాటము తెరచుకొని అదనపు గాలిని వదలును. కాని తొట్టి లోపలి తుప్పును కాపాడు కవాటము లేదు. నిండిన 10 లీటర్ల తొట్టిలో దాగియున్న శక్తి సుమారు 10 వేల జౌళ్ళు. 60 కిలోగ్రాముల మనిషిని అయిదంతస్తుల మేడ ఎత్తునకు లేపగల శక్తి యది. తొట్టి చీలినచో అది క్షణములో వెలువడును.

అందుచేతనే తొట్లను గాలితో గాక నీటితో నింపి పరీక్షింతురు. నీరు దాదాపు అణగదు. కాబట్టి అందు దాగు శక్తి స్వల్పము. తొట్టి చీలినను నీరు చిమ్మును గాని ముక్కలు ఎగురవు. పాత గ్యాసు సిలిండరును, ప్లాస్టికు గొట్టమును, ఊరి దుకాణములో అతికించిన రేకుడబ్బాను గాలితొట్టిగా వాడుట ప్రాణాపాయము. ఆ పీడనమునకు పరీక్షించి ముద్రవేసిన తొట్టినే కొనవలెను.

కొన్న పిమ్మట మిగులు పని చాల చిన్నది. ప్రయాణము ముగిసిన సాయంత్రము పీడనమును తగ్గించి, తొట్టి అడుగున కుళాయి విప్పి, చేరిన నీటిని వదలవలెను. రైలింజను తొట్లకును, గాలిబ్రేకులున్న లారీల తొట్లకును ఇట్టి కుళాయిలే యున్నవి. ఆ కుళాయినుండి జారు గోధుమవర్ణపు చుక్కలు లోపల తుప్పు మొదలైనదని తెలుపును. వాటిని చూచినవాడు తొట్టిని మార్చును. చూడనివానికి మరి యే హెచ్చరికయు రాదు.