ఏ సీటు?

వైద్యవిద్యలో పట్టము వేరు, చేయి తిరుగుట వేరు. పరీక్షలు తేరినవాడు సైతము రోగి మంచముచెంత నిలిచి, అనుభవజ్ఞుల కనుసన్నలలో చికిత్స నేర్చినగాని నమ్మదగిన వైద్యుడు కాజాలడు. 1889లో తెరవబడిన బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆస్లరు, హాల్‌స్టెడ్డు అను వైద్యాచార్యులు యువవైద్యులను ఆసుపత్రియందే నివసింపజేసి శిక్షణ మొసగిరి. 'రెసిడెన్సీ' యను పేరిట్లు వచ్చినది. హాల్‌స్టెడ్డు పద్ధతి గోపురము వంటిది: అడుగున పలువురు చేరుదురు, శిఖరమున కొక్కడో యిద్దరో చేరుదురు.

నేడు మన యువతీయువకులనేకులు ఈ శిక్షణకై అమెరికాకు పోవుచున్నారు. 'సీటు వచ్చిన'దన్న వార్తకు తలిదండ్రులు సంతసింతురు. ఏ సీటని యడుగువారు మాత్రమరుదు.

ఆ సీట్లు ముఖ్యముగా నాలుగు తెరగులు. 'కేటగారికల్' స్థానమున చేరినవాడు యోగ్యుడైనచో తుదివరకు నచటనే శిక్షణ పొందును. సామాన్య వైద్యమునకు, శిశువైద్యమునకు 3 ఏండ్లు, శస్త్రచికిత్సకు 5, మెదడు శస్త్రచికిత్సకు 7. 'ప్రిలిమినరీ' స్థానము సాధారణముగా ఒక్కయేటిదే. 'ట్రాన్సిషనల్' కూడ ఏటిదే. అందు పలు విభాగములలో తిరుగుదురు. 'అడ్వాన్స్‌డ్' స్థానము రెండవయేట మొదలగును. చర్మవైద్యము, ఎక్స్‌రే వైద్యము వంటివానిలో నిట్టివి యధికము. తొలియేడు వేరుగ సంపాదించుకొనవలసినదే.

ముందటి సీటు చేతనున్నవానికి ప్రిలిమినరీ సోపానమే. అది లేనివానికి మాత్రము, పొలము దున్ని విత్తనము దొరకక గట్టున కూర్చున్నట్లగును. ఏడాది సేవ చేసియు నిపుణుడని యనిపించుకొనలేడు. మరల దరఖాస్తులు, మరల పరిచయప్రశ్నలు. జే-1 అనుమతిపై పోయినవానికి ఆ దేశమున నుండు హక్కును శిక్షణతోనే ముడిపడియుండును. హాల్‌స్టెడ్డు గోపురము కూలినదందురు గాని, దాని నీడ యింకను ఈ మూలన నిలిచియున్నది.

1952 నుండి అభ్యర్థులను, ఆసుపత్రులను 'మ్యాచ్' అను ఏర్పాటు జతపరచుచున్నది. అందు కుదిరిన పొత్తు ఇరువురను బంధించును. కావున ఇష్టక్రమమును వ్రాయుటకు పూర్వమే మేలుకొనవలెను. 'అడ్వాన్స్‌డ్' కోరువారు తొలియేటి స్థానముల జాబితాను విడిగా జతపరుపవలెను.

పొలము కొనునపుడు సరిహద్దులు చూడక దస్తావేజుపై చేవ్రాలు చేయువారు మనలో లేరు. బిడ్డ భవిష్యత్తును నిర్ణయించు పత్రమునకు ఆపాటి జాగ్రత్త చెల్లదా?