మీకు తెలుసా? లారీ స్టీరింగ్ పట్టే ముందు అడగాల్సినవి

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లవాడు హెవీ డ్రైవరవుతానంటే ఇంట్లోవాళ్లు ముందుగా తెలిసిన లారీ ఓనరు దగ్గరికే పోతారు. ‘కొన్నాళ్లు క్లీనరుగా పెట్టుకో అన్నా, చేయి తిరిగినంక స్టీరింగ్ ఇయ్యి’ అంటారు. అట్లా ఉస్తాదు పక్కన కూర్చుని నేర్చుకుని మంచి డ్రైవర్లయినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, లైసెన్సున్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చిన సర్టిఫికెట్ లేనిదే రవాణా బండి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవడానికి వీల్లేదు. ఉస్తాదు ఎంత బాగా నేర్పినా ఆ కాగితం ఇవ్వలేడు. ‘సర్టిఫికెట్ సంగతి మేం చూసుకుంటం, నువ్వు బండెక్కు’ అనే ఓనరు ఎదురైతే మారుమాట లేకుండా వచ్చేయండి. నేర్పకుండానే నేర్పినట్టు కాగితం పుట్టించే మనిషి రేపు ప్రమాదం జరిగితే మీ తరఫున ఒక్క మాట కూడా మాట్లాడడు.

ఇంత గట్టిగా చెప్పడానికి మన చేవెళ్ల రోడ్డే కారణం. 2024 డిసెంబరు 2న ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. ఏడాది తిరక్కముందే, 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర లోడు టిప్పరు, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. కంకర మీద పడి బస్సులోవాళ్లు ఊపిరాడక పోయారు. ఆ బాధ ఈ ప్రాంతంలో ఇంకా పచ్చిగానే ఉంది. తప్పు ఎవరిదో తేల్చడం ఈ శీర్షిక పని కాదు. అదే రోడ్డు మీద రేపు స్టీరింగ్ పట్టబోయే పిల్లలకు ఏం నేర్పుతున్నామన్నదే ఇక్కడి ప్రశ్న.

మీకు తెలుసా? సొంత కారు నడపడానికి 18 ఏళ్లు చాలు, రవాణా బండికి 20 నిండాలి. పైగా లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది గడిస్తేనే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న పాత షరతును 2019లో తీసేశారు, కాబట్టి చదువు తక్కువని వెనకాడాల్సిన పని లేదు.

ఆ ఏడాది పాటు ఏం చేయాలన్నదానికి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి దారి చూపించింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే టాటా ఏస్, బొలెరో పికప్‌లాంటి పసుపు ప్లేటు బండ్లకు వేరే లైసెన్సు అక్కర్లేదు. మొయినాబాద్ పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లేది ఎక్కువగా అలాంటి బండ్లలోనే. నన్నడిగితే, 20 నిండిన కుర్రాడు ఆ ఏడాదిని టిప్పరు క్లీనరు సీట్లో కాక పూలబండి స్టీరింగ్ దగ్గర గడపాలంటాను. తెల్లవారుజామున మంచులో, లోడుతో, సమయానికి మార్కెట్ చేరడం అక్కడే అలవాటవుతుంది. పొరపాటు జరిగినా పది చక్రాల బండి చేసేంత నష్టం జరగదు.

మీకు తెలుసా? డ్రైవింగ్ స్కూలుకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఫారం 11 మీద ఉంటుంది. లోపలికి వెళ్లగానే దాన్ని చూపించమని అడగండి. నేర్పే బండిలో బోధకుడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి. రవాణా బండికి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో మీరు స్వయంగా నడిపింది 15 గంటలకు తగ్గకూడదు. రోజుకు అరగంట అన్నమాట. అది మీ చేతుల్లో స్టీరింగ్ ఉన్న అరగంటే కావాలి. ఒకే క్యాబిన్‌లో అయిదారుగురిని ఎక్కించి, ఒకడు నడుపుతుంటే మిగతావాళ్లను వెనక బల్ల మీద కూర్చోబెట్టి, అందరికీ ఒకే గంట రాసేసే స్కూళ్లున్నాయి. దీనికి విరుగుడు కూడా నిబంధనల్లోనే ఉంది. ఎవరు ఏ రోజు ఎంతసేపు నడిపారో రాసే రిజిస్టరును ఫారం 15 అంటారు. అందులో నేర్చుకునేవాడు కూడా సంతకం పెట్టాలి. నడపని గంటకు సంతకం పెట్టకండి. ఫీజు వెయ్యి రూపాయలు తక్కువని కాదు, ఆ రిజిస్టరు మీ ముందు తెరిచి పెడతారని తెలిస్తే ఆ స్కూల్లో చేరండి.

ఇంతకంటే గట్టి శిక్షణ కావాలంటే అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, హెవీ నేర్పే కేంద్రానికి మైదాన ప్రాంతంలో రెండెకరాల స్థలం, టెస్ట్ ట్రాక్, సిమ్యులేటరు ఉండాలి. కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీఏ ముందు మళ్లీ డ్రైవింగ్ టెస్టు అవసరం లేదు. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో నడుస్తున్న టైడ్స్ కూడా డ్రైవర్ల శిక్షణ కోసమే పెట్టిన సంస్థ. చేవెళ్ల నుంచి దూరమే. కానీ ముప్పై ఏళ్లు తిండి పెట్టే పనికి ఆరు వారాలు ఇల్లు విడిచి ఉండటం పెద్ద లెక్క కాదు.

ఇక మొదటి ఉద్యోగం. స్కూలు ఎంచుకోవడం కంటే ఇదే కష్టం, ఎందుకంటే లోడు బండి అసలు స్వభావం ఇక్కడే తెలుస్తుంది. ఖాళీ టిప్పరు ఆగిన దూరంలో కంకర నింపిన టిప్పరు ఆగదు. ‘మొదటి నెల నా పక్కన ఎవరు కూర్చుంటారు?’ అని అడగండి. సీనియర్ డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టి, ఖాళీ బండితో మొదలుపెట్టించి, సగం లోడు, తర్వాత పూర్తి లోడు అప్పగించే సంస్థ జీతం కొంచెం తక్కువిచ్చినా మంచిదే. తాళం చేతికిచ్చి ‘క్వారీకి పోయిరా’ అనేచోట ఎక్కువిచ్చినా వద్దు.

రెండో ప్రశ్న డబ్బు గురించి. టిప్పర్ల దగ్గర ట్రిప్పుకింత అని ఇవ్వడం మామూలే. అనుభవం ఉన్నవాడే ఆ లెక్కలో నిద్ర మానుకుని ఇంకో ట్రిప్పు కొడతాడు, కొత్తవాడి సంగతి చెప్పాలా? చేరిన మొదటి ఆరు నెలలు నెల జీతం, బత్తా మాత్రమే కావాలని నిక్కచ్చిగా అడగండి. రవాణా కార్మికుడికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని 1961లోనే మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రాసింది. వరసగా 5 గంటలు పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఆ చట్టంలో ఉండేది. ఆ లెక్క మీ ఓనరుకు గుర్తు చేయడం ఎదురు తిరగడం కాదు.

స్పీడ్ గవర్నర్ పనిచేస్తోందా అని కూడా అడగండి. చాలా రకాల రవాణా బండ్లకు గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లు. డంపర్లు, ట్యాంకర్లు, స్కూలు బస్సులకైతే 60. దాని వైరు పీకేసిన బండిని మీకు అప్పగిస్తున్నారంటే మిగతా బండి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మీకు తెలుసా? ఎయిర్ బ్రేకుల బండి స్టార్ట్ చేయగానే కదలదు. ట్యాంకుల్లో గాలి నిండేదాకా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, బజర్ మోగుతూనే ఉంటుంది. ముల్లు పైకి లేచి బజర్ ఆగాకే హ్యాండ్ బ్రేకు వదలాలి, అప్పుడు బుస్సుమని చప్పుడొస్తుంది. దిగువలో మాటిమాటికీ బ్రేకు తొక్కితే గాలి ఖర్చయిపోతుంది, డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. చిన్న గేరులో దిగాలని చెప్పేది అందుకే. మిమ్మల్ని చేర్చుకునే సంస్థ పొద్దున్నే బండి తీసేముందు ఈ గాలి పరీక్ష చేయనిస్తుందా, ‘టైమైంది, తియ్’ అని తొందరపెడుతుందా? ఒక్కపూట వాళ్ల యార్డులో నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

మలుపు కూడా అంతే. పొడవాటి బండి వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా నాలుగు వరసలుగా వెడల్పు చేయ తలపెట్టిన 46 కిలోమీటర్ల దారిలో పాత మర్రిచెట్ల మధ్య ఇరుకు మలుపులున్నాయి. అక్కడ క్లీనరు వైపు అద్దంలో కనబడని బైకువాడు ఉంటాడు. ఆ గుడ్డి చోటు ఎంతో నేర్పాలంటే బండిని ఆపి, మిమ్మల్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఇంకొకరిని చుట్టూ నడిపించాలి. ఎక్కడ మాయమవుతాడో, ఎక్కడ మళ్లీ కనబడతాడో మీ కళ్లతోనే చూస్తారు. దీనికి పైసా ఖర్చు కాదు. చేసేవాళ్లు మాత్రం తక్కువ.

మీకు తెలుసా? అమెరికాలో పెద్ద ట్రక్కింగ్ కంపెనీలు కొన్ని కొత్తవాళ్లకు తామే శిక్షణ ఇస్తాయి, బదులుగా కొంతకాలం తమ దగ్గరే పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటాయి. మధ్యలో మానేస్తే ఖర్చు తిరిగి కట్టాలి. అక్కడ 2022 ఫిబ్రవరి 7 నుంచి, ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న చోట నేర్చుకున్నవాళ్లనే లైసెన్సు టెస్టుకు రానిస్తున్నారు. అయితే ఇన్ని గంటలు నడపాలన్న కనీస లెక్క ఆ ఫెడరల్ నిబంధనలో లేదు, మనకు ఉంది. మన దగ్గర ఒప్పందం స్థానంలో అడ్వాన్సు ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చి అసలు లైసెన్సు తన బీరువాలో పెట్టుకునే ఓనరుకు మాత్రం ఒప్పుకోకండి. డిజిలాకర్‌లో లైసెన్సు చూపినా పోలీసులకు చెల్లుతుంది, నిజమే. కానీ కార్డు ఇంకొకరి చేతిలో ఉంటే ఉద్యోగం మారే దారి మూసుకుపోతుంది.

ఆడపిల్లలూ ఈ పనిలోకి రావాలి. యాదాద్రి భువనగిరి జిల్లా బిడ్డ వాంకుడోతు సరిత 2015లో ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్‌లో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరారు. పదేళ్ల తర్వాత 2025లో సొంత రాష్ట్రానికి వచ్చి టీజీఎస్‌ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవరయ్యారు. మహిళలను తీసుకుంటామనే సంస్థలో రాత్రి బండి ఎక్కడ ఆపుతారు, అక్కడ మరుగుదొడ్డి ఉందా అని ముందే అడగాలి. మగవాళ్లు కూడా అడగాల్సిందే.

పెట్రోలు, గ్యాసు ట్యాంకరు మీదికి వెళ్లాలనుకుంటే మూడు రోజుల ప్రత్యేక శిక్షణ తప్పనిసరి, లైసెన్సు మీద ఆ ముద్ర కూడా పడాలి. లారీ సంస్థ ‘మా బండి మీద నడుస్తది’ అన్నా నడవదు.

2025 అక్టోబరు 1 తర్వాత తయారైన, 3.5 టన్నులు దాటిన సరుకు బండ్లకు క్యాబిన్‌లో ఏసీ ఉండాలన్నది కేంద్ర నిబంధన. తయారైన నెల, సంవత్సరం ఆర్సీలో ఉంటాయి. ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు మీకిచ్చే బండి ఆర్సీ చూపమనండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు కూడా అప్పుడే చూసుకోవచ్చు.