నెగిటివ్ వచ్చాక చూడాల్సిన నంబరు

2021 మే నెలలో నాకు కోవిడ్ వచ్చిన సంగతి జ్వరం కంటే ముందు ముక్కే చెప్పింది. పలాస-కాశీబుగ్గలో పెరిగినవాళ్లకు జీడి ఫ్యాక్టరీల ఘాటు వాసన ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటే. గాలి ఇటు తిరిగిందంటే నేరుగా ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆ ఉదయం అది రాలేదు. జీడిపిక్క సీజన్ నడుస్తుండగా ఫ్యాక్టరీ ఎందుకు ఆపారా అనుకున్నాను. కాఫీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడి తగిలింది, వాసన తెలియలేదు. అప్పుడు అర్థమైంది.

వాసన ఎలా పోతుందో ముందు చెప్పుకుందాం. ముక్కు పైభాగంలో వాసనను పట్టే నాడీకణాలుంటాయి. వాటి చుట్టూ వాటిని పోషించే కణాలుంటాయి. కోవిడ్ వైరస్ ఎక్కువగా పట్టేది ఈ పోషక కణాలనే. ఇవి దెబ్బతింటే నాడీకణాలు బతికే ఉన్నా పని ఆగిపోతుంది. పోషక కణాలు మళ్లీ పుడతాయి. అందుకే చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి వచ్చింది. నాకు ఇరవై రోజులు పట్టింది.

ఈ వైరస్ ఒంట్లో ఏ కణంలోకి పడితే ఆ కణంలోకి దూరలేదు. దానికి ఒక తలుపు కావాలి. ఆ తలుపు పేరు ఏస్-2 (కణం పైపొర మీద ఉండే ఒక ప్రొటీన్). ఇది ముక్కులో ఉంది, ఊపిరితిత్తుల్లో ఉంది, పేగుల్లో ఉంది. మూత్రపిండాల్లో కూడా దండిగా ఉంది. మిగతా ఊళ్లలో ఈ చివరి మాట విని ఊరుకోవచ్చు. ఉద్దానంలో ఊరుకోవడానికి లేదు.

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన కొబ్బరి, జీడి, పనస తోటల సీమ ఇది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. అంతకంటే చాలా ముందు నుంచి ఇక్కడ ఇంకో కష్టం ఉంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి (కిడ్నీలు ఏళ్ల తరబడి మెల్లగా పని తగ్గించుకుంటూ పోవడం) ఈ సీమలో అసాధారణంగా ఎక్కువ. సాధారణంగా ఈ జబ్బుకు షుగరో బీపీయో కారణమవుతుంది. ఇక్కడ ఆ రెండూ లేని రైతులకు, కూలీలకు, నడివయసు వాళ్లకు కూడా వస్తోంది. నీరు, నేలలోని లోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమించి తగినంత నీళ్లు తాగకపోవడం, వంశపారంపర్యం అంటూ చాలా కోణాల్లో పరిశోధనలు జరిగాయి. ఇదే కారణమని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పెద్దగా చదువుకోనివాళ్ల నోట కూడా ఇక్కడ ‘క్రియాటిన్’ అన్న మాట వినిపిస్తుంది.

వాళ్లు చెప్పేది క్రియాటినిన్ (కండరాల పని వల్ల రక్తంలో చేరే వ్యర్థం) గురించి. మంచి కిడ్నీలు దాన్ని ఎప్పటికప్పుడు మూత్రంలోకి వడపోస్తాయి. రక్తంలో అది ఒకటికి అటూ ఇటుగా ఉంటే ఫర్వాలేదంటారు. కానీ ఈ నంబరు ఆలస్యంగా కదులుతుంది. కిడ్నీల శక్తి దాదాపు సగం పోయేదాకా రిపోర్టు మామూలుగానే కనిపించవచ్చు. అంటే కోవిడ్ వచ్చేనాటికే ఉద్దానంలో చాలామంది, తమకు తెలియకుండానే, సగం కిడ్నీతో నెట్టుకొస్తూ ఉండొచ్చన్నమాట.

అలాంటి ఒంట్లోకి వైరస్ వస్తే ఏమవుతుంది? గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. అక్కడి సన్నని గొట్టాల కణాలు రాత్రీ పగలూ పనిచేస్తాయి, వాటికి ఆక్సిజన్ ఎడతెగకుండా అందాలి. కోవిడ్ ముదిరితే ఊపిరితిత్తులు ఆక్సిజన్ అందించలేవు. రక్తం చిక్కబడి సన్నటి నాళాల్లో గడ్డలు కడుతుంది. జ్వరం, చెమట, విరేచనాల వల్ల ఒంట్లో నీరు తగ్గుతుంది. ఆకలి చచ్చి తాగడం, తినడం మానేస్తాం. ఇన్ని ఒక్కసారి మీద పడితే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ కూడా కొన్నాళ్లు చతికిలబడుతుంది. దీన్ని అక్యూట్ కిడ్నీ ఇంజురీ (కిడ్నీకి హఠాత్తుగా తగిలే దెబ్బ) అంటారు. ముందే సగం పోయిన కిడ్నీకి ఇది తగిలితే పాత స్థితికి తిరిగిరావడం కష్టం.

దీనికి మనం చేతులారా ఇంకో దెబ్బ జోడించాం. కోవిడ్ ఒళ్లునొప్పులు ఎలాంటివో వచ్చినవాళ్లకే తెలుసు. నాకు మూడో రోజు మంచం మీద అటు నుంచి ఇటు తిరగడం కూడా కష్టమైంది. ఊళ్లో అలాంటప్పుడు చేసేది ఒకటే: ఆర్ఎంపీని పిలవడం, ఒక నొప్పి సూది వేయించుకోవడం. డైక్లోఫెనాక్ లాంటి మందులు నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి. కానీ కిడ్నీలో వాటి పని వేరు.

చెరువు తూమును ఊహించుకోండి. చెరువులో నీరు తగ్గినప్పుడు తూము ఇంకాస్త పైకెత్తితేనే మడికి నీరందుతుంది. కిడ్నీ వడపోత గదిలోకి రక్తం తెచ్చే నాళం కూడా ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇలాగే కాస్త తెరుచుకుంటుంది. దాన్ని తెరిచి ఉంచే రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్లు (కణాలు తయారుచేసే సంకేత పదార్థాలు). నొప్పి మందులు ఆపేది సరిగ్గా వీటినే. అంటే నీరు తక్కువున్న రోజునే తూము దించేసినట్టు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ సరైన మోతాదులో వాడితే ఈ ప్రమాదం లేదు. ఈ ఒక్క తేడా తెలియక ఈ సీమలో పోయిన కిడ్నీలు కోవిడ్‌కు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి.

నేను పడుకున్న గది కిటికీ దగ్గర పక్కింటి వదినగారు రోజూ రెండు బొండాలు కొట్టి పెట్టి వెళ్లేవారు. జ్వరం వచ్చినవాళ్లకు కొబ్బరినీళ్లు ఇవ్వడం మా వైపు ప్రేమ చూపే పద్ధతి. నాకు అది అమృతమే అయింది. కానీ అదే బొండం డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఇస్తే ప్రాణం మీదకు రావచ్చు. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీ ఆ ఎక్కువను బయటికి పంపేస్తుంది. చెడిన కిడ్నీ పంపలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన సలహాలన్నీ, పళ్లరసాలు, జీడిపప్పు, విటమిన్ సి మాత్రలు, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, కిడ్నీలు బాగున్నవాళ్లను ఉద్దేశించినవే. మూత్రం సరిగా రానివాళ్లు నాలుగు లీటర్లు తాగితే ఆ నీరు చివరికి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆయాసం వస్తుంది. అది కోవిడ్ ఆయాసమో నీటి ఆయాసమో డాక్టరుకు కూడా వెంటనే తెలియదు.

వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ గురించి కూడా చెప్పాలి. నా వేలి మీద అది 94 చూపించిన రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. ఆ యంత్రం చెప్పేది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందన్న సంగతి మాత్రమే. హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. పలాస కాంప్లెక్స్ నుంచి బయల్దేరే బస్సుల్లో నూటికి 96 సీట్లు నిండాయంటే బాగుందనిపిస్తుంది. కానీ రోజూ ఇరవై బస్సులు తిరిగే చోట ఆ రోజు పదే తిరిగితే? ఊరు చేరే జనం సగమే. ఎర్రరక్తకణాలు తయారు చేయమని ఎముక మజ్జకు సంకేతం పంపేది కిడ్నీయే. అది చెడితే రక్తం తగ్గుతుంది. అందుకే కిడ్నీ రోగి వేలి మీద 96 కనిపించినా ఒంటికి అందే ఆక్సిజన్ తక్కువే ఉండొచ్చు. యంత్రం మీద నంబరు బాగుందని ధీమా పడకుండా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందా, మాట తడబడుతోందా, మూత్రం తగ్గిందా అని చూడాలి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది డయాలసిస్ (యంత్రం ద్వారా రక్తాన్ని శుద్ధి చేయడం) చేయించుకునేవాళ్ల పరిస్థితి. అందరికీ ప్రభుత్వం చెప్పింది ఒకే మాట: ఇంట్లో ఉండండి. నేను పద్నాలుగు రోజులు గది దాటలేదు. డయాలసిస్ రోగికి ఆ వీలు లేదు. మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు, ఆసుపత్రిలో మరో పదిమంది మధ్య పడుకోవాలి. రెండు మూడు విడతలు తప్పితే ఒళ్లు ఉబ్బి, పొటాషియం పెరిగి ప్రాణం పోవచ్చు. వెళితే కోవిడ్ భయం, వెళ్లకపోతే ఖాయమైన ముప్పు. లాక్‌డౌన్‌లో బస్సులు లేవు. ఆటో దొరికినా కిరాయి మాటలు కాదు. పాజిటివ్ వస్తే మరీ కష్టం. అలాంటి రోగికి వేరే యంత్రమో, వేరే గదో, కనీసం చివరి షిఫ్టో కేటాయించాలని అప్పట్లో నిబంధన. యంత్రాలే తక్కువైన చోట ఆ వేరేది ఎక్కడి నుంచి వస్తుంది? శ్రీకాకుళానికి పరుగెత్తాల్సి వచ్చేది, లేదంటే విశాఖపట్నం కేజీహెచ్‌కు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి, పరిశోధన కేంద్రానికి 2019 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. అది ప్రారంభమైంది 2023 డిసెంబర్ 14న. కోవిడ్ రెండు పెద్ద అలలూ ఈ రెండు తేదీల మధ్యే వచ్చి పోయాయి.

భయం కూడా జబ్బును ముదరబెట్టింది. 2020 జూన్ చివర్లో పలాసలో చనిపోయిన ఒక పెద్దాయన దేహాన్ని జేసీబీలో తరలించిన దృశ్యం దేశమంతా చూసింది. మునిసిపల్ కమిషనర్‌ను, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. 2021 ఏప్రిల్‌లో మందస మండలానికి చెందిన ఒక మహిళ పలాసలో కన్నుమూస్తే, బండి దొరక్క ఇంటివాళ్లే మోటార్ సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకెళ్లారు. ఇలాంటివి చూసిన మనిషి జ్వరం వస్తే ఏం చేస్తాడు? టెస్టుకు వెళ్లడు. ఇంట్లోనే సెలైన్ ఎక్కించుకుని, సూది వేయించుకుని, ఆయాసం వచ్చాక బయల్దేరతాడు. అప్పటికి వారం గడిచిపోతుంది. ఈ ఆలస్యానికి ఆ మనిషిని తప్పుపట్టలేను. శవానికి గౌరవం దక్కుతుందన్న నమ్మకం ఉంటేనే బతికున్నవాళ్లు ఆసుపత్రి గడప తొక్కుతారు.

ఇదంతా ఇప్పుడెందుకు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. టీకాలు వేసుకున్నాం, వైరస్ మనలో ఒకటిగా కలిసిపోయింది. కోలుకోవడం అంటే ఏమిటో మాత్రం మనం ఇంకా సరిగా అర్థం చేసుకోలేదు. నాకు నెగిటివ్ వచ్చిన రోజున ఫోన్ చేసిన బంధువు, “నెగిటివ్ వచ్చీసింది కదా, ఇంకేటి?” అన్నాడు. చాలామంది అక్కడే ఆగిపోయారు. నెగిటివ్ అంటే ముక్కులో వైరస్ దొరకలేదని మాత్రమే. కిడ్నీ ఎలా ఉందో ఆ పరీక్ష చెప్పదు.

అమెరికాలో మాజీ సైనికుల వైద్య రికార్డులను, 17 లక్షలకు పైగా మందివి, పరిశీలించిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. కోవిడ్ తగ్గినవాళ్లలో తర్వాతి నెలల్లో కిడ్నీ పనితీరు మిగతావాళ్ల కంటే వేగంగా తగ్గిందని అందులో తేలింది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఇది ఎక్కువ, ఇంట్లోనే కోలుకున్నవాళ్లలోనూ కొంత ఉంది. ఆ సైనికులు ఉద్దానం వాళ్లు కారు. కానీ మామూలు కిడ్నీలకే ఆ ముప్పు ఉంటే, ఇక్కడి కిడ్నీల గురించి తేలిగ్గా తీసుకోవడం కుదరదు.

పరీక్షలో ఒక మెలిక ఉంది. పెద్ద జబ్బు చేసి లేచిన మనిషి చిక్కిపోతాడు. కండ తగ్గితే కండ నుంచి పుట్టే క్రియాటినిన్ కూడా తగ్గుతుంది. కిడ్నీ బాగుపడకపోయినా రిపోర్టులో నంబరు బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకే దానితోపాటు మూత్రంలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్, వడపోత చిల్లుపడితే మూత్రంలోకి జారుతుంది) పరీక్ష కూడా చేయించాలి. రెండూ పెద్ద ఖర్చు లేని పరీక్షలే. నేను నెగిటివ్ వచ్చిన వారానికి చేయించుకుంటే క్రియాటినిన్ 1.4 ఉంది. మూడు నెలల తర్వాత 1.1కి దిగింది, మూత్రంలో ప్రొటీన్ లేదు. ఆ రెండో కాగితం చేతికొచ్చాకే నాకు తగ్గిందని నమ్మాను.

ఉద్దానంలో ఉండి కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు, ఎన్నేళ్లయినా సరే, ఒకసారి ఈ రెండు పరీక్షలూ చేయించుకోండి. తేదీల వరసన రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. డాక్టరుకు ఒక్క నంబరు కంటే అది ఏ దిక్కుగా కదులుతోందన్నది ముఖ్యం. ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్లుంటే, ఏ జ్వరానికి ఎవరి దగ్గరికి వెళ్లినా, సూది తీయకముందే ఆ మాట చెప్పండి.