ఇంజిను ఊయలూగుతోందా?

బండి కదలదు. యాక్సిలరేటర్ మీద కాలుండదు. అయినా ఇంజిను చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది... మళ్లీ పెరుగుతుంది! పికప్ బళ్ల యజమానుల్ని కంగారుపెట్టే ఈ ఊపు వెనక సంగతేమిటి?

తెల్లవారుజామున మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గరో, మరో కూరగాయల మార్కెట్ దగ్గరో వరసగా ఆగిన పికప్ బళ్ల చప్పుడు ఓసారి వినండి. మంచి కండిషన్లో ఉన్న ఇంజిను ఒకే లయలో కొట్టుకుంటుంది. జబ్బు పడింది మాత్రం 'బుర్... బుర్‌ర్‌ర్... బుర్' అంటూ హెచ్చుతగ్గుల రాగం తీస్తుంది. పాత బండయితే చాలామంది చేసే పని ఒకటే. స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచేయడం. దాంతో ఊపు కనపడదు. జబ్బు అలాగే ఉంటుంది, పైగా డీజిలు ఎక్కువ తాగుతుంది!

2005లో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చాక చిన్న ట్రక్కునే నమ్ముకున్న కుటుంబాలు ఊరూరా కనిపిస్తున్నాయి. బండి షెడ్డులో ఉన్న రోజు వాళ్లకు కిరాయి ఉండదు. ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. అందుకే ఈ రాగం సంగతి డ్రైవరుకే కాదు, ఇంటిల్లిపాదికీ తెలియాలి.

పులుసులో ఉప్పులాగే...

ఖాళీగా తిరిగేటప్పుడు పికప్ ఇంజిను సాధారణంగా నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం తగ్గకుండా, పెరగకుండా చూసే కాపలాదారు ఒకడుంటాడు. పాత డీజిల్ బళ్లలో అది పంపులో ఉండే గవర్నరు. కొత్త బళ్లలో ఈసీయూ అనే చిన్న కంప్యూటరు. వేగం తగ్గితే ఇంధనం పెంచుతుంది, పెరిగితే కోస్తుంది.

మరి ఊపెందుకు? పులుసులో ఉప్పు చాల్లేదని కాస్త వేస్తాం. అది కరిగేలోపే రుచి చూసి ఇంకాస్త వేస్తాం. తీరా కరిగాక ఉప్పు కషాయం! నీళ్లు పోస్తే చప్పన. మళ్లీ ఉప్పు... కాపలాదారుకు వేగం గురించి కబురు ఆలస్యంగా అందినా, తప్పుగా అందినా ఇదే తంతు. మెకానిక్కులు దీన్ని 'హంటింగ్' అంటారు. ఇది ఈనాటి జబ్బు కాదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్లతో గవర్నరు అమర్చాడు. అలాంటి గవర్నర్లు కొన్నిసార్లు యంత్రాన్ని నిలకడగా ఉంచక ఎందుకు ఊపేస్తాయో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లెక్కలు కట్టి చెప్పాడు.

డీజిలు బయటికి కారదు... గాలి లోపలికి పోతుంది

డీజిల్ బండిలో ముందు అనుమానించాల్సింది గాలిని. చాలా బళ్లలో ట్యాంకు నుంచి డీజిల్ని పంపే పీల్చుకుంటుంది. ఆ దారిలో పైపు పగిలినా, క్లిప్పు వదులైనా డీజిలు కిందికి కారకపోవచ్చు. గాలి లోపలికి దూరుతుంది. బుడగ వచ్చినప్పుడు ఇంధనం తగ్గి ఇంజిను నీరసిస్తుంది. గవర్నరు డీజిలు పెంచుతుంది. ఈలోగా బుడగ దాటిపోతుంది. అంతే, ఇంజిను ఒక్కసారిగా లేస్తుంది!

డీజిల్ ఫిల్టరు పూడుకుపోయినా, డీజిల్లో నీళ్లు కలిసినా ఇలాగే జరగొచ్చు. కొత్త బళ్లలో మసి పట్టి ఈజీఆర్ వాల్వు సరిగా మూసుకోకపోవడం, ఇంధనాన్ని కొలిచి పంపే వాల్వు పట్టేయడం కూడా కారణాలే.

పెట్రోలు, సీఎన్‌జీ బళ్లలో...

ఇక్కడా దోషి తరచూ గాలే. ఇంజిను పీల్చే గాలిని సెన్సరు లెక్కగడుతుంది. లెక్కకు అందకుండా పగిలిన గొట్టంలోంచి గాలి దూరితే వేగం పెరుగుతుంది. 'కాలు తీసేశాడు కదా, ఇంత వేగమేంటి' అని ఈసీయూ ఇంధనం ఆపేస్తుంది. ఆగిపోయేలా ఉందని మళ్లీ ఇస్తుంది. థ్రాటిల్ బాడీలో మసి పేరుకున్నా నిలకడ తప్పుతుంది.

ఒక్క జాగ్రత్త. పెట్రోలు బళ్లలో బ్రేకు బూస్టరుకు వెళ్లే గొట్టం కూడా ఇంజిను పీల్పు మీదే పనిచేస్తుంది. ఊపుతోపాటు బ్రేకు పెడల్ గట్టిపడిందా? లోడు ఎక్కించొద్దు. ముందు అది చూపించండి.

ఆ నట్టు జోలికి వెళ్లొద్దు!

ఇంజిను తిరుగుతుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి గాలి తీయడం పాత మెకానిక్కుల అలవాటు. కామన్ రైల్ ఇంజిన్లలో అది ప్రాణాంతకం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 డీజిల్ బళ్లన్నీ దాదాపు ఈ రకమే. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త అటూ ఇటూ. ఈ పైపులో ఐడ్లింగ్‌లోనే వందల బార్లు, లోడు మీద వెయ్యికి పైనే! సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చూడ్డానికి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. లోపల కండ కుళ్లిపోవచ్చు. అలా జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇవి జబ్బులు కావు

పొద్దున చల్లటి ఇంజిను కాసేపు వేగంగా తిరగడం, ఏసీ కంప్రెసరు పట్టినప్పుడు చప్పుడు కొంచెం మారడం మామూలే. కొన్ని బీఎస్-6 బళ్లలో సైలెన్సరు దారిలోని ఫిల్టరులో మసిని కాల్చేటప్పుడు కూడా ఐడ్లింగ్ దానంతటదే పెరుగుతుంది. మధ్యలో తాళం తీయకుండా ఆ పని పూర్తి కానివ్వాలి. ఇక లయ లేకుండా ఎగిరెగిరిపడుతూ బండంతా అదిరితే అది హంటింగ్ కాదు, మిస్సింగ్. ఏదో ఒక సిలిండరు సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి.

చవకైన దాంతో మొదలు

పంపు మార్చాలి, ఈసీయూ పోయింది అనగానే సరేననకండి. ముందు ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, దాని కిందున్న నీళ్లు, పైపుల క్లిప్పులు, బ్యాటరీ వైర్లు చూడమనండి. తర్వాత స్కానరు పెట్టించండి. షెడ్డుకెళ్లినప్పుడు నాలుగు సంగతులు చెప్పండి. ఊపు చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? డీజిల్ ఎక్కడ, ఎప్పుడు పోయించారు? ఈమధ్య ఏం రిపేరు చేయించారు? పొగ ఏ రంగులో వస్తోంది? వీటికి జవాబులు తెలిసిన మెకానిక్కు పనిలేని పార్టులు మార్చాల్సిన అవసరం రాదు. మీ జేబుకూ చిల్లు పడదు.