కీళ్లవాతం: చేతులు బాగుపడుతున్నాయా లేదా, ఇంట్లోనే చూడండి

కీళ్లవాతం ఉన్నవారిని పరీక్షకు తీసుకొచ్చినప్పుడు, "పోయినసారి కంటే చేతులు ఎలా ఉన్నాయి?" అని డాక్టరు అడుగుతారు. "అట్లనే ఉన్నయి సార్" అంటారు చాలామంది. ఆ ఒక్క మాటను బట్టి మందు మార్చాలా వద్దా అని తేల్చడం కష్టం. రక్తపరీక్షలో వాపు ఎంతుందో తెలుస్తుంది, ఎక్స్‌రేలో ఎముక అరుగుదల తెలుస్తుంది. ఆ చేతితో ఇంట్లో ఏ పని ఆగిపోయిందో చెప్పగలిగేది రోగి, ఇంటివాళ్లే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ జబ్బులో శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కీళ్లనే దెబ్బతీస్తుంది. మణికట్టు, వేళ్ల కీళ్లు రెండు చేతుల్లోనూ వాస్తాయి. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎందరో. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కాబట్టి లెక్క ఇంట్లోనే ఉంటుంది. కానీ ఆ లెక్క మోసం చేయగలదు. తల్లికి వేళ్లు వంగకపోతే ఆకు కత్తిరించడం బిడ్డ చేస్తుంది, దారం కట్టడం కోడలు చేస్తుంది. సాయంత్రానికి చాటలో ఎప్పటిలాగే వెయ్యి ఉంటాయి, జబ్బు పెరగలేదని అందరూ అనుకుంటారు. ఇంకో ఇంట్లో లెక్క తగ్గుతుంది, ఆమె బద్ధకం అనే మాట పడుతుంది. కాబట్టి వారానికి ఒకరోజు, ఎవరి సాయం లేకుండా ఆమె ఒక్కతే అరగంటలో ఎన్ని చుట్టిందో రాసిపెట్టండి. నొప్పి పెరిగితే మధ్యలోనే ఆపేయాలి, బలవంతం వద్దు. సిరిసిల్లలో సాంచాలకు కండెలు చుట్టేవారికీ ఇదే పద్ధతి.

బీడీ పని లేని ఇళ్లలో? 1996లో పారిస్‌లోని కొచిన్ ఆసుపత్రి డాక్టర్లు చేతి పనికి 18 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రకటించారు. గుండీలు పెట్టుకోవడం, తాళంచెవి తిప్పడం, కత్తెరతో కాగితం కోయడం, బల్ల మీది నాణేలు ఏరడం వంటివి అందులో ఉన్నాయి. ఇబ్బంది లేకుంటే 0, అసలు చేయలేకుంటే 5. మొత్తం 90కి ఎంత దగ్గరైతే చేయి అంత పాడైనట్టు. ఫోర్కుతో గుచ్చడం కూడా ఒక ప్రశ్న, అది మన ఇళ్లకు పనికిరాదు. మీరు అన్నం కలపడం, తువ్వాల పిండడం, నిండు చెంబు ఎత్తడం చూసి అలాగే 0 నుంచి 5 వరకు అంకె వేసుకోండి. ఒక చేత్తో ఎత్తే చెంబును ఇప్పుడు రెండు చేతులతో ఎత్తుతుంటే ఆ సంగతీ రాయాలి.

ప్రతిసారీ అదే పని, అదే సమయం. ఒకసారి పొద్దున, ఇంకోసారి నొప్పి బిళ్ల వేసుకున్నాక చూస్తే లెక్క కుదరదు. వేళ్ల వంకరను చూసి నిర్ణయించకండి. వంకర వేళ్లతో చక్కగా పని చేసుకునేవారున్నారు, చూడడానికి బాగానే ఉండి గ్లాసు పట్టుకోలేనివారూ ఉన్నారు.

మెథోట్రెక్సేట్ గుణం కనబడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నెలకే విసిగి మానేసేవారికి ఈ పుస్తకమే సాక్ష్యం. ఆ మందు వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

చిటికెన వేలో ఉంగరపు వేలో ఉన్నట్టుండి చాపలేకపోతే నరం తెగిందనుకుంటారు. తెగేది వేలిని చాపే స్నాయువు. అప్పుడు లెక్కలు రాస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.