ఉసిళ్ళు తినవచ్చునా?

మిరుగం వానలు పడగానే మన కరణ్‌కోట, తాండూరు పల్లెల్లో పుట్టల నుండి ఉసిళ్ళు లేస్తాయి. ఇవి రెక్కలు వచ్చిన చెదపురుగులే. వీటిని పట్టి వేయించి తినడం మన పెద్దల నాటి అలవాటు. "సిస్టరమ్మా, పిల్లలకు పెట్టొచ్చా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు.

ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. బాప్తిస్మమిచ్చు యోహాను ఆహారం మిడతలు, అడవి తేనె అని మనం చదువుకున్నాము. అమెరికాలో 17 ఏళ్ళకొకసారి నేలలో నుండి వచ్చే సికాడా పురుగులను కూడా కొందరు వండుకుంటారు. 2021లో అవి వచ్చినప్పుడు, రొయ్యలు పడనివారు వాటిని తినవద్దని అక్కడి ప్రభుత్వ ఆహార శాఖ హెచ్చరించింది. ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది.

లాభం ఏమిటి?
ఉసిళ్ళలో మాంసకృత్తులు, కొవ్వు, ఇనుము ఉన్నాయి. అయితే అవి దొరికేది ఏడాదిలో కొద్ది రోజులే. కనుక రక్తం తక్కువగా ఉన్న గర్భిణీలు ఐరన్ మాత్రలు మానరాదు. కందిపప్పు, ఆకుకూరలు, గుడ్లు రోజూ తినాలి.

ఎలా వండాలి?
బతికి ఉన్నవాటినే పట్టాలి. చచ్చి పడినవాటిని ఏరరాదు. రెక్కలు చెరిగి, కడిగి, బాగా ఆరబెట్టి, కరకరలాడే వరకు వేయించాలి. ఉప్పు, కారం వేసి పుట్నాలతో కలుపుకోవచ్చు. పచ్చివి తినరాదు.

ఎవరు తినరాదు?
1. రొయ్యలు, పీతలు పడనివారు. వీటిలోనూ అలాంటి పదార్థమే ఉంటుంది. వేయించినా అది పోదు.
2. దుమ్ముతో ఆయాసం వచ్చేవారు జాగ్రత్తగా ఉండాలి. ముందుగా డాక్టరును అడగాలి.
3. సరిగా నమలలేని పసిపిల్లలు. గొంతుకు అడ్డుపడవచ్చు.

మందు కొట్టిన చోట వద్దు
కంది, పత్తి చేలలో పురుగుమందు కొట్టినప్పుడు ఆ చుట్టుపక్కల ఉసిళ్ళు పట్టరాదు. చెదల మందు పోసిన ఇళ్ళు, పుట్టల దగ్గరివి అసలే వద్దు. వేయించినంత మాత్రాన విషం విరగదు.

ఈ గుర్తులు కనబడితే
తిన్న తరువాత దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చినా, లేక చొంగ, చెమటలు, వాంతులు, చూపు మసక కనిపించినా ఆలస్యం చేయకండి. చింతపండు నీళ్ళు, ఉప్పు నీళ్ళు తాగించి కక్కించవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏమి తిన్నారో, ఎక్కడ పట్టారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. దానినిబట్టే సరైన చికిత్స త్వరగా మొదలవుతుంది.