తెలుగు క్రైస్తవ ప్రార్థనాభాషలో ‘సన్నిధి’

సూరతు నగరమున తాపీనదికి ఉత్తరముగా, ముంబయి–అహమ్మదాబాదు రైలుమార్గముపై కోసాడ్ అను పేట కలదు. ఒకప్పుడది గ్రామము, నేడు నగరపాలక సంస్థ కట్టించిన గృహసముదాయములు గల శివారు. మగ్గపు పనికై తెలంగాణము నుండి వలసవచ్చిన తెలుగువారు సూరతున పెక్కుమంది కలరు. అచటి పురపాలక ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకును చోటు దొరకినది. ఇట్టి పేటలో రెండు మూడు తెలుగు క్రైస్తవ కుటుంబములు ఒక గదిలో చాప పరచుకొని ప్రార్థనకు కూర్చున్నవనుకొందము. గోపురము లేదు, గంట లేదు, పాదిరి కూడ లేకపోవచ్చును. అయినను ప్రార్థించువాడు ‘నీ సన్నిధిలో చేరియున్నాము’ అను తీరుననే మొదలుపెట్టును. స్థిరమైన ఆలయము నెఱిగిన ఈ పదము అద్దెగదికి ఎట్లు పొసగినది?

‘సన్నిధి’ సమ్, ని అను ఉపసర్గలతో కూడిన ధా ధాతువు నుండి పుట్టినది; చేరువగా ఉంచుట దాని మూలార్థము. ఆగమవిధిలో ఆవాహన, స్థాపనముల వెంట సన్నిధాపనము వచ్చును. తిరుమలలో సన్నిధివీధి కలదు. సన్నిధి యన్నది మూర్తి యున్న చోటు. భక్తుడే నడచి దానియొద్దకు పోవలెను. క్రైస్తవ గ్రంథానువాదకులు ఈ పదమునే చేపట్టిరి. లండను మిషనరీ సంఘమువారు 1805లో విశాఖపట్టణమున అనువాదమునకు పూనుకొన్నప్పుడు ఆనందరాయరు అను తెలుగు నెఱిగిన బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడెను. ఆ సంఘమువారే 1815లో సూరతు చేరి గుజరాతీ అనువాదము సాగించిరనుట యిచట స్మరింపదగును.

అనువాదకుల యెదుట నున్న హీబ్రూ పదము ‘పానీం’. దాని యర్థము ముఖము. ‘సముఖము’ అన్న మాట మూలమునకు మిక్కిలి దగ్గర. తెలుగు బైబిలులో నిర్గమకాండమున ‘సన్నిధి రొట్టెలు’ అనియు, మత్తయి సువార్తలో ‘సముఖపు రొట్టెలు’ అనియు ఒకే వస్తువునకు రెండు పేర్లు కనబడుటకు ఈ ఊగిసలాటయే కారణము కావచ్చును. వాడుకలో గెలిచినది సన్నిధియే. సముఖము రాజాస్థానపు వాసన వీడలేదు.

అయితే ఆ పదము చేరిన గ్రంథములో దైవసాన్నిధ్యము ఒక్కచోట నిలుచునది కాదు. ‘ప్రత్యక్షపు గుడారము’ జనులతో కూడ నడచినది. బబులోను చెరలోని వారికి దేవుడు తానే పరిశుద్ధాలయముగా ఉండెనని యెహెజ్కేలు 11వ అధ్యాయము తెలుపును. ఆ మాటను తల్మూదు ప్రవాసులు కట్టుకొన్న ప్రార్థనాశాలలకు అన్వయించినది. ఇద్దరు కూర్చుండి ధర్మశాస్త్రమును ముచ్చటించినచో వారి నడుమ ‘షెఖీనా’, అనగా దైవనివాసము, నిలుచునని మిష్నా చెప్పును. తన పేర ఇద్దరు ముగ్గురు కూడిన యెడ తానుందునని యేసు పలికినట్లు మత్తయి 18వ అధ్యాయమున నున్నది. ఇచట చోటును నిర్ణయించునది కట్టడము కాదు, కూడిక. తెలుగున ‘సంఘము’ అను మాట మనుష్యులకే మొదట చెల్లుటయు, కట్టడమునకు ‘మందిరము’, ‘గుడి’, ‘చర్చి’ యని వేరు పేర్లుండుటయు ఈ భావమునకు అనుకూలములు. ప్రభుభోజనమందలి సాన్నిధ్యమును గూర్చి సంఘముల నడుమ భేదములు కలవు. అది వేరు చర్చ.

ఈ మార్పు విభక్తిలోనే కనబడును. బైబిలు భాషలో తరచుగా వచ్చునది ‘సన్నిధిని’. అందు ‘ఎదుట’ అను అర్థము ప్రధానము. నేటి ప్రార్థనలలో వినబడునది ‘సన్నిధిలో’. ఎదుట నిలిచినవారు లోపలికి వచ్చినారు.

దీనికంటె గమనింపదగినది సర్వనామము. దేవునితో పలుకునప్పుడు తెలుగు క్రైస్తవుడు ‘మా తండ్రీ’ అనును, ‘మా మధ్యకు రమ్ము’ అనును, ‘మన’ అనడు. తోటివారితో పలుకునప్పుడు ‘ప్రభువు మన మధ్య ఉన్నాడు’ అనును. అందఱును కన్నులు మూసికొన్న గదిలో, నడిపించువాని మాట పైకి పోవుచున్నదో ప్రక్కవారికి పోవుచున్నదో ఈ యొక్క యక్షరమే తెలుపును. ‘మా’ అన్నపుడు దేవుడు వినువాడు; ‘మన’ అన్నపుడు ఆయనను గూర్చి వినువారు కూడినవారు. సాన్నిధ్యమును నమ్ముట వేరు, ఎవరు ఎదుట ఉన్నారో వాక్యవాక్యమున తేల్చి పలుకుట వేరు. రెండవది వ్యాకరణము చేయు పని. నేర్పకయే పిల్లలకు అబ్బును.

సూరతు వంటి బహుభాషానగరమున ఒడియా, మరాఠీ, హిందీ మాటలాడువారు కూడ కూడికకు రావచ్చును. అప్పుడు ప్రార్థన హిందీలోనికి జరుగుట సహజము. హిందీలో ‘హమారే పితా’, ‘హమారే బీచ్’ — రెంటికిని ఒకే ‘హమ్’. భేదము సందర్భమునకు వదలబడును. హిందీవారికి అది లోటుగా తోచదు, తెలుగున పెరిగినవానికి తోచును. గుజరాతీలోనో ‘అమే’, ‘ఆపణే’ అను జంట తెలుగు ‘మేము’, ‘మనము’లకు సరిగా సరిపోవును. ఆ భాషలోను దేవుని ‘అమారా’ అనియే పిలుతురు. భాషాకుటుంబము వేఱైనను, ఈ ఒక్క విషయమున తెలుగు కుటుంబపు బిడ్డకు హిందీ కంటె గుజరాతీయే చేరువ.

సన్నిధికి మాత్రము గుజరాతీ క్రైస్తవులు ‘హజూర్’, ‘హాజరీ’ అను మాటలు వాడుదురు. రెండును ఒకే అరబ్బీ ధాతువు నుండి వచ్చినవి. రెండును తెలుగువారి యింట నున్నవే. కాని తెలంగాణపు వానికి హుజూరు అనగా దొరతనపు కచేరి. హుజూరాబాదు, హుజూర్‌నగరు అను ఊళ్లు అందుకు సాక్షులు. హాజరు అనగా బడిలోనో కార్ఖానాలోనో పిలిచెడి పేరు. ఆలయమునుండి వచ్చిన పదముతో ప్రార్థించిన తల్లిదండ్రుల ప్రక్కన, కచేరినుండి వచ్చిన పదముతో బిడ్డ అదే దేవుని పిలుచును.